డీ ని కొట్టేశాను సార్

మదీనాగూడలో మా పక్క ఫ్లాటులో ఉండే హరిత మొన్న శనివారం పొద్దున్నే తలుపు కొడితే, పెరుగు తోడు కోసం వచ్చిందనుకుని గిన్నె పట్టుకునే వెళ్లి తలుపు తీశాను. ప్రొద్దుటూరు పిల్ల. పిల్ల అని నేనంటున్నాను గానీ, ఆమెకే బడికి వెళ్లే కూతురుంది. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తన కింద కొంతమందిని పెట్టుకుని పని చేయించే హోదా కూడా ఉంది. గుమ్మంలోనే నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆంటీ, మీరు లెక్కల లెక్చరర్‌గా చేసినారు కదా. ఫంక్షన్ల మీద పనిచేసే ఆపరేటర్లు అని ఉంటాయంట. అవి ఏ కోర్సులో చెప్తారు?" రిటైరైనప్పటి నుంచీ నన్ను లెక్కల ప్రశ్న అడిగిన ప్రాణి లేదు. నన్ను అడిగేదల్లా లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని. అందుకని చేతిలో గిన్నె ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, గొంతు సవరించుకుని, ఆ శాస్త్రాన్ని మా తాతలే కనిపెట్టినంత ధీమాగా "ఫంక్షనల్ అనాలిసిస్" అన్నాను.

హరిత తలూపింది.  మెడ కొంచెం పక్కకు వంచి, కళ్లు ఆర్పకుండా, పెదవి చివర చిన్న నవ్వు పెట్టి ఊపే ఆ ఊపు నాకు కొత్త కాదు. నా చదువంతా దాని మీదే నడిచింది. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైంది ఆంటీ" అంది. "నిజంగానా?" అన్నాను. అంతే, లోపలికి వచ్చి సోఫాలో కూలబడి కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. సంగతేమిటంటే, ఆఫీసులో ఆమెను కొత్తగా ఒక టీమ్‌లో వేశారు. అందులో కుర్రాళ్లు నోరు తెరిస్తే ఆపరేటర్లంటారు, ఫంక్షన్ స్పేస్ అంటారు. ఈమె మీటింగుల్లో తలూపుతూ వచ్చింది. ఊపగా ఊపగా మేనేజర్‌కు నమ్మకం కుదిరి, ఆ పని మొత్తానికీ నువ్వే లీడ్‌గా ఉండు, సోమవారం ఏ సంగతీ చెప్పు అన్నాడట. "సరే అంటే మునిగిపోతా ఆంటీ. రాదు అంటే, మరి ఇన్నాళ్లూ దేనికి తలూపినావ్ అనరా? ఎట్ల చెప్పేది?" అంది. నేను టీ పెట్టిచ్చి, నా కథ చెప్పాను. ఆ రోజు ఆమె కన్నీళ్లు ఆపడానికి తొందరగా చెప్పాను, ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాది శంకర్‌పల్లి అవతల ఊరు. అక్కడ చదువు పదో తరగతితో అయిపోయేది కాబట్టి, నాన్న నన్ను చందానగర్‌లో పెద్దనాయన ఇంట్లో దించాడు. పెద్దనాయన అంటే మా నాన్నకు అన్న, దగ్గర్లోని ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఇప్పుడు చందానగర్ మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు గానీ, అప్పుడు మా ఇంటి వెనక బర్రెల కొట్టం, కొట్టం వెనక కందిచేను ఉండేవి. ఫ్యాక్టరీ సైరన్ మోగేసరికి పెద్దమ్మ పాలు పిండడం ముగించి పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తూ ఉండేది. రొట్టె కాలే వాసన, పిడకల పొగ, తడిసిన గడ్డి, పెద్దనాయన తలకు దండిగా పట్టించే కొబ్బరినూనె, ఇవన్నీ కలిసిన వాసనలో కూర్చుని నేను డిగ్రీ చదివాను, ఎమ్మెస్సీ చదివాను. ఇప్పటికీ ఎక్కడైనా పిడకల పొగ ముక్కుకు తగిలితే ఏదో ఒక సిద్ధాంతం మొదటి వాక్యం టక్కున నోటికొస్తుంది. రెండో వాక్యం రాదు.

దానికి కారణం పెద్దమ్మ. చదువంటే పైకి వినబడేది అని ఆమె నమ్మకం. నేను ఒక్క నిమిషం పుస్తకం మీద నుంచి తలెత్తి ఆలోచనలో పడితే చాలు, వంటింట్లోంచి కేక వచ్చేది. "ఏందే సుగుణా, సప్పుడు లేదు? పండుకున్నవా? జర గట్టిగ సదువు, మాకు ఇనరావాలె." నేను గట్టిగా అందుకునేదాన్ని. ఆలోచించాలంటే నోరు మూసుకోవాలి, నోరు మూసుకుంటే తిట్లు పడతాయి. అందుకని ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆలోచించే పని పెట్టుకోలేదు. బర్రెలకు కూడా నా సిద్ధాంతాలన్నీ కంఠతా వచ్చే ఉంటాయి. పెద్దనాయనది ఇంకో పద్ధతి. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నవారు మంచం మీద కూర్చుని "ఇయ్యాల ఏం జెప్పిండ్రు బిడ్డా?" అని అడిగేవాడు. నార్మ్ అంటే ఇది, బౌండెడ్ ఆపరేటర్ అంటే ఇది అని నేను అప్పజెప్పేదాన్ని. కళ్లు మూసుకుని చివరిదాకా విని, "మంచిగ జెప్పిండ్రు. అర్థమైందా?" అనేవాడు. "అర్థమైంది పెద్దనాయినా" అనేదాన్ని. "ఇగ నాగ్గూడ అయింది తియ్" అని నవ్వేవాడు. మా ఇద్దరికీ ఉన్న జ్ఞానం సరిసమానమని అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఎమ్మెస్సీ గచ్చిబౌలిలోని యూనివర్సిటీలో చేశాను. లింగంపల్లిలో బస్సు మారి, రాళ్లగుట్టల మధ్య నుంచి దుమ్ము తింటూ వెళ్లాలి. అక్కడ మాకు ఇష్టమైన సబ్జెక్టు ఎంచుకునే అవకాశం ఇచ్చారు. ఆ సబ్జెక్టులో ఏముంటుందని మాలో ఒక్కరు కూడా అడగలేదు. సీనియర్లను పట్టుకుని, అది స్కోరింగ్ సబ్జెక్టా కాదా అని మాత్రం అడిగాం. ఫంక్షనల్ అనాలిసిస్ స్కోరింగే, పాత ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తాయి అన్నారు. అంతే, అందరం వెళ్లి దాంట్లో పడ్డాం. దానికి ముందు లీనియర్ ఆల్జీబ్రా బాగా వచ్చి ఉండాలని, రియల్ అనాలిసిస్ చేతిలో ఉండాలని పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది. ముందుమాటలోంచి పరీక్షలో ప్రశ్నలు ఇవ్వరు కాబట్టి ముందుమాట చదివే అలవాటు మాకు లేదు.

పాఠం చెప్పే ప్రొఫెసర్ గారిది గోదావరి వైపు. విద్యార్థుల్ని కూడా అండి అని పిలిచే మనిషి. బోర్డు నిండా రాసి, చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ ఇటు తిరిగి "అర్థమైందాండీ?" అనేవారు. "అర్థమైంది సార్" అని గది మొత్తం ఒక్క గొంతుతో పలికేది. అందులో పైస్థాయి గొంతు నాది. మొదటి బెంచీలో కూర్చుని, మెడ వంచి, కళ్లు ఆర్పకుండా నేను తలూపుతుంటే పాపం ఆయనకు ఎంత ఉత్సాహం వచ్చేదో. ఆ ఏడాది ఆయన రిసెర్చ్‌కు ఒక్కరినే తీసుకుంటానన్నారు. ఆ ఒక్కరూ నేనే కావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఆ సీటు రాకపోతే జూన్‌లో మదీనాగూడలో ఒక స్కూల్లో టీచరుగా చేరాలి. పెద్దనాయన ఆ స్కూలు వాళ్లతో ముందే మాట్లాడి పెట్టాడు. నాకేమో సీటు ఖాయమని గట్టి నమ్మకం. పేరు ముందు డాక్టర్ అని పెట్టి సంతకం ఎలా తిప్పాలో కూడా సాధన చేసేశాను. డీ అక్షరం పొట్ట చాలా అందంగా వచ్చేది.

ఆ డీ నే నా కొంప ముంచింది. సీటు ఇచ్చే ముందు సార్ ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిచి మాట్లాడారు. నేను వెళ్లగానే కూర్చోమని, బోర్డు మీద ఎడమవైపు డీ ఎక్స్ అని, మధ్యలో మైనస్, కుడివైపు ఎక్స్ డీ అని రాసి, "ఇదేమవుతుందండీ?" అన్నారు. ఇంత తేలికైన ప్రశ్నా అని నాకు నవ్వొచ్చింది. లేచి, సుద్దముక్క తీసుకుని, ఆ పక్క ఒక గీత, ఈ పక్క ఒక గీత సర్రున గీసి, "సున్నా సార్. డీ ని డీ తో కొట్టేశాను సార్, ఎక్స్ ని ఎక్స్ తో కొట్టేశాను" అన్నాను. "కొట్టేశారా" అన్నారు ఆయన మెల్లగా. కాసేపు నా గీతల వంక చూసి, "డీ అంటే ఏంటండీ?" అన్నారు. "డిఫరెన్షియేషన్ సార్." "అది దేని మీద పనిచేస్తుంది?" నేను నిండు నమ్మకంతో చెప్పాను. "అది డిగ్రీ సిలబస్ సార్. మనకు లేదు."

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పోనీ, ఫంక్షన్ల మీద పనిచేసే ఆపరేటర్ ఏదైనా ఒకటి ఉదాహరణగా చెప్పండి" అన్నారు. నేను నిర్వచనం అప్పజెప్పాను. "నిర్వచనం కాదండీ, ఉదాహరణ" అన్నారు. వినబడలేదేమోనని అదే నిర్వచనం ఇంకాస్త గట్టిగా అప్పజెప్పాను. పెద్దమ్మ పెంపకం మరి. ఆ క్షణంలో ఆయన మొహంలోకి వచ్చిన దిగులు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆపరేటర్ కోసం ఆయన ఎక్కడికో వెళ్లమనలేదు. బోర్డు మీద నేను కొట్టేసిందే ఆపరేటర్. డీ ఒక ఫంక్షన్‌ను మొత్తంగా తీసుకుని, దాని బదులు ఇంకో ఫంక్షన్‌ను ఇస్తుంది. డిగ్రీలో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసులో ఏడాది పొడుగునా దాంతోనే లెక్కలు చేశాను. న్యూమరికల్ మెథడ్స్‌లో డెల్టా అనే గుర్తు, ఇంగ్లీషు ఈ అక్షరం, ఇలా దాని అక్కచెల్లెళ్లతో కూడా చేశాను. ఒకే మనిషిని మూడు పెళ్లిళ్లలో మూడు చీరల్లో చూసి ముగ్గురనుకున్నట్టు, ప్రతిసారీ కొత్త గుర్తనుకుని బట్టీ కొట్టి, పరీక్ష రాసి, మరిచిపోయాను. "ఒక పని చేయండి" అన్నారు సార్ చివరికి. "డిగ్రీ పిల్లల డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ క్లాసులో కొన్నాళ్లు కూర్చోండి. బట్టీ పట్టకండి. అర్థం కాకపోతే కాలేదని నోరు తెరిచి చెప్పండి. తర్వాత రండి. సీటు అప్పటిదాకా ఆపగలిగితే ఆపుతాను, మాట మాత్రం ఇవ్వలేను."

డిగ్రీ కాలేజీ మాకు దగ్గర్లోనే ఉంది. చిక్కల్లా అక్కడ రెండో సంవత్సరంలో మా నర్సింలు ఉండటం. నర్సింలు పెద్దనాయన కొడుకు, నాకు తమ్ముడు. ఎమ్మెస్సీ చదివే అక్క తన క్లాసులోకి వచ్చి కూర్చుంటుందని తెలిసి వాడు ఏడ్చినంత పని చేశాడు. "అక్కా, నీ కాల్మొక్త, ఎనక బెంచీల కూసో. నన్ను తమ్మీ అని పిల్వకు." పెద్దమ్మ రొట్టె పెనం మీదే వదిలేసి వచ్చింది. "ఏందే, ఎక్కిన మెట్లు మల్ల దిగుతున్నవా? మందికి ఏం జెప్పాలె నేను?" అంది. పెద్దనాయన ఒక్కడే "ఫికర్ జెయ్యకు బిడ్డా. కూసుంటె ఏం బోతది?" అన్నాడు. నాకు మాత్రం పరువంతా పోయినట్టే ఉంది. కొంగు నెత్తి మీదుగా కప్పుకుని వెనక బెంచీలో దొంగలా కూర్చున్నాను. అంత సిగ్గులోనూ, లెక్చరర్ "అర్థమైందా?" అనగానే నా మెడ దానంతటదే వంగేది. అలవాటు అలాంటిది. అలా తలూపుతూనే కొన్ని రోజులు గడిపేశాను.

ఒకరోజు ఆయన సరిగ్గా నా డీ దగ్గరికే వచ్చారు. ఏదో రాశారు, చెరిపారు, ఇటు తిరిగి "అర్థమైందా?" అన్నారు. "అర్థమైంది సార్" అంది క్లాసు. నేను లేచి నిలబడ్డాను.  "నాకు కాలేదు సార్" అన్నాను. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. నర్సింలు బెంచీ కిందికి జారిపోయాడు. లెక్చరర్ గారికి ఆ మాట కొత్త, ఏం చేయాలో తోచక సుద్దముక్క వైపు చూసుకున్నారు. "ఎక్కడి నుంచి కాలేదమ్మా?" అన్నారు. "మొదటి నుంచీ సార్" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. బోర్డంతా తుడిచి, ఒక ఫంక్షన్ రాసి మొదలుపెట్టారు. ముందు ఎక్స్‌తో గుణించి, ఆ వచ్చినదాన్ని డీ కి ఇస్తే ఒకటి వస్తుంది. ముందు డీ కి ఇచ్చి, ఆ తర్వాత ఎక్స్‌తో గుణిస్తే ఇంకొకటి వస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది సున్నా కాదు, మనం మొదలుపెట్టిన ఫంక్షనే చెక్కుచెదరకుండా మిగులుతుంది. బియ్యం నానబెట్టి రుబ్బడం, రుబ్బి నానబెట్టడం ఒకటేనని చిన్నపిల్ల కూడా అనదు కదా, నేను బోర్డు మీద రెండు గీతలు గీసి మరీ అన్నాను. అది తెలిసిన క్షణంలో నాకు సిగ్గు వేయలేదు. ఒళ్లంతా తేలికైపోయింది. అంతకు ముందు చదువులో నాకు మార్కులు వచ్చాయి గానీ సంతోషం రావడం అదే మొదలు.

క్లాసు అయ్యాక పిల్లలంతా నన్ను చుట్టుముట్టారు, వెక్కిరించడానికేనని సిద్ధపడ్డాను. "అక్కా, రేపు గూడ అడుగుతవా?" అన్నాడొకడు. అంతకు ముందు వాళ్లలో ఎవ్వరికీ అర్థం కాలేదట. ఆఖరికి మా నర్సింలు కూడా వెనక నుంచి తొంగిచూసి, "అక్కా, ఎట్లయినా పరువు వాయె గద. గా ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ గూడ అడుగరాదు, మాకు సమజైతలేదు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ క్లాసు తరఫున అర్థంకానితనాన్ని ప్రకటించే అధికారిని అయ్యాను. మళ్లీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ సార్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఆయన బోర్డు మీద అదే రాశారు. ఈసారి గీతలు గీయకుండా, ఒక్కొక్క మెట్టే చెప్పాను. వింటూ వింటూ ఆయన మొహం విప్పారింది, తర్వాత మెల్లగా వాడిపోయింది. "చాలా బావుందండీ. సీటు పోయిన వారమే ఇచ్చేయాల్సి వచ్చింది. నేను ఆపలేకపోయానండీ" అన్నారు. గచ్చిబౌలి నుంచి లింగంపల్లి దాకా బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. మొదటి రోజుల్లో తలూపకుండా లేచి నిలబడి ఉంటే ఆ వారం నాకు కలిసొచ్చేదని లెక్క వేసుకుని మరీ ఏడ్చాను. ఆ సాయంత్రం పెద్దనాయన ఏం జెప్పిండ్రని అడగలేదు. పెద్దమ్మ నా రొట్టె మీద వెన్న ఎక్కువ పెట్టి వెళ్లిపోయింది.

జూన్‌లో మదీనాగూడ స్కూల్లో చేరాను, తర్వాత జూనియర్ కాలేజీకి వెళ్లాను, అక్కడే రిటైరయ్యాను. ఇంత జరిగింది కదా, ఇక నేను గొప్ప టీచర్‌నై ఉంటానని మీరనుకుంటే మీ మంచితనం. సిలబస్ తరుముతుంటే బోర్డు నిండా రాసి, ఇటు తిరిగి "అర్థమైందా?" అని నేనూ అన్నాను. "అర్థమైంది మేడం" అన్నారు పిల్లలు. వాళ్ల మెడలు పక్కకు వంగడం కనబడుతూనే ఉండేది. కనబడనట్టు తర్వాతి పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు ఆ రాళ్లగుట్టల చోట అద్దాల మేడలు లేచాయి, నేను దుమ్ము తిన్న దారిలో హరిత ఆఫీసు బస్సు ఏసీ వేసుకుని పోతుంది. అప్పుడు మాకు ఒక పుస్తకం దొరకాలంటే లైబ్రరీలో వరసలో ఉండాలి, ఇప్పుడు ఏ పాఠం కావాలన్నా ఆమె ఫోన్‌లోకే వస్తుంది. మేము బోర్డు ముందు తలూపాం, వీళ్లు స్క్రీన్ ముందు ఊపుతున్నారు. మార్పంటే అంతే.

కథంతా విని హరిత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "డీ ని కొట్టేసినారా ఆంటీ!" అని పదే పదే అంది. నేను చెప్పిన జవాబు కూడా సరిచేసుకున్నాను. "ఫంక్షనల్ అనాలిసిస్ అన్నాను చూడు, అది చివరి మెట్టు. దాంట్లోకి నాలాగా దూకకు. ఇంటర్‌లో చేసిన డిఫరెన్షియేషన్‌తోనే మొదలుపెట్టు, అదే మొదటి ఆపరేటర్. తర్వాత డిగ్రీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, దాని పక్కనే లీనియర్ ఆల్జీబ్రా. ఆ తర్వాత రియల్ అనాలిసిస్. అవన్నీ అయ్యాక అది." ఆమె నవ్వు ఆగిపోయింది. "అంటే మళ్లీ ఇంటర్ నుంచా? సోమవారానికి యాడవుతుంది ఆంటీ?" అంది. "కాదమ్మా" అన్నాను.  రాదని ఒప్పుకోమనడానికి నాకేం హక్కుంది, పోయేది నా ఉద్యోగం కాదు కదా. ఆదివారమంతా వాళ్ల తలుపు వైపు చూస్తూ నేను పరేషాన్ అయ్యాను.

సోమవారం సాయంత్రం ఐడీ కార్డు మెడలో ఉండగానే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చెప్పేసినా ఆంటీ. నాకు ఇది రాదు, ఇన్నాళ్లూ తెలిసినట్టు తలూపినా అని అందరి ముందరే చెప్పేసినా." "మరి ఏమన్నారు?" "లీడ్ వేరే అబ్బాయికి ఇచ్చినారు. నన్ను టీమ్‌లోనే ఉండి నేర్చుకోమన్నారు, మూడు నెల్ల తర్వాత చూస్తామన్నారు." మెడలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "పోయింది ఆంటీ, చేతికొచ్చింది పోయింది. బాధగానే ఉంది. మీరు నాకు నేర్పిస్తారా?"  నేను వెంటనే పాఠం అందుకున్నాను. కాలేజీలో డిఫరెన్షియేషన్ పాఠానికి ఏళ్ల తరబడి చెప్పి చెప్పి అరగదీసిన ఉదాహరణ ఒకటుంది నాకు. మిక్సీలో పప్పు వేస్తే పిండి వస్తుంది, కాబట్టి మిక్సీ ఒక ఫంక్షన్. ఆ మిక్సీనే తీసుకెళ్లి మెకానిక్‌కు ఇస్తే వేరే మిక్సీ చేసి ఇస్తాడు, కాబట్టి మెకానిక్ ఆపరేటర్. చెప్పేసి, గెలిచినట్టు చూసి, "అర్థమైందా?" అన్నాను.

హరిత మెడ పక్కకు వంగబోయింది. సగంలో ఆగింది. "లేదు ఆంటీ" అంది. "మిక్సీ దాకా బాగానే ఉండాది. మెకానిక్ వచ్చినాక ఒక్క ముక్క అర్థం కాలా. వాడు మిక్సీని ఏం చేసినాడు? అది చెప్పకుండా వేరే మిక్సీ వచ్చిందంటే ఎట్ల?" నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో నా క్లాసులో ఒక్క పిల్ల, ఒక్క పిల్లవాడు ఆ ఉదాహరణకు వంక పెట్టలేదు. మెకానిక్ ఏం చేశాడో చెప్దామని నోరు తెరిచాను. నాకు తెలియదు. దాని గురించి ఎన్నడూ ఆలోచించనే లేదు. ఇద్దరం పకపకా నవ్వాం. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, కాగితం మీద ఎక్స్ స్క్వేర్ అని రాసి, డీ దాన్ని ఏం చేస్తుందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి నాకు కూడా ఇంకాస్త అర్థమైంది.